ఎడ్యుకేషన్ పేపర్ ఏ జర్నల్‌కి పంపాలి? ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి ముందు చూడాల్సినవి

"ఇంపాక్ట్ ఫ్యాక్టర్ బాగా ఉండి, తొందరగా వేసే ఎడ్యుకేషన్ జర్నల్ ఏదైనా ఉంటే చెప్పండి." పీహెచ్‌డీ స్కాలర్లున్న ఏ వాట్సాప్ గ్రూపులో చూసినా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది, కింద ఎవరో ఒక లింకు పెడతారు, ఇంకొకరు థాంక్యూ సర్ అంటారు, అంతటితో సరి. ఆ ప్రశ్నలో రెండు కోరికలున్నాయి, అవి రెండూ ఒకే చోట దొరకడం చాలా అరుదు. నిజంగా మంచి జర్నల్‌లో రివ్యూకే, అంటే ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు పేపర్ చదివి తప్పొప్పులు చెప్పడానికే, నెలలు పడుతుంది. మూడు రోజుల్లో వేస్తామనే చోట రివ్యూ ఉండదు. కాబట్టి మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి: పీహెచ్‌డీ సబ్మిషన్‌కి ఒక పేపరా, ప్రమోషన్‌కి పాయింట్లా, లేక మీరు నాలుగేళ్లు కష్టపడి చేసిన పనిని ఆ సబ్జెక్టులో ఉన్నవాళ్లు చదవడమా? ఈ మూడింటికీ సరిపోయే జర్నల్ ఒకటే కాదు.

అసలు ఈ నంబరు ఏంటో చూద్దాం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉదహరించారో కూడి, ఆ రెండేళ్లలో వేసిన పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. రెండేళ్లలో 100 పేపర్లు, వాటికి ఈ ఏడాది 250 సైటేషన్లు వస్తే 2.5 అన్నమాట. ఈ లెక్కని తెచ్చిన యూజీన్ గార్ఫీల్డ్ బృందం 1975 నుంచి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ పేరుతో దీన్ని ఏటా ఇవ్వడం మొదలుపెట్టింది, లైబ్రరీలు ఏ జర్నల్‌కి చందా కట్టాలో తేల్చుకోవడానికి పనికొచ్చేది, ఇప్పుడు క్లారివేట్ అనే కంపెనీ చేతిలో ఉంది. జర్నల్‌ని తూచడానికి పుట్టిన లెక్కని మనవాళ్లు మనిషిని తూచడానికి వాడుతున్నారు, గొడవంతా అక్కడే.

అది సగటు. సగటుతో వచ్చే చిక్కులన్నీ దీనికీ ఉంటాయి. 2023లో లెర్నింగ్ అండ్ ఇండివిడ్యువల్ డిఫరెన్సెస్ అనే జర్నల్‌లో చాట్‌జీపీటీ వల్ల చదువుకి వచ్చే లాభాలూ ఇబ్బందులూ చర్చిస్తూ ఒక పేపర్ వచ్చింది, దానికి వేలల్లో సైటేషన్లు పడ్డాయి. అదే సంవత్సరం అదే జర్నల్‌లో వచ్చిన మామూలు పేపర్‌కి వాటిలో ఒక్కటి కూడా రాదు కదా, కానీ జర్నల్ నంబరు మాత్రం అందరి బయోడేటాలోనూ పెరిగినట్టే కనిపిస్తుంది. పైగా రెండేళ్ల కిటికీ ఎడ్యుకేషన్‌కి అస్సలు నప్పదు. పార్వతీపురం మన్యంలో ఒకటో తరగతి పిల్లలు ఇంటి భాష నుంచి తెలుగులోకి ఎలా వస్తున్నారో మీరు రాశారనుకోండి, దాన్ని చదివి ఇంకొకరు ఫీల్డ్‌కి వెళ్లి, డేటా తెచ్చి, రాసి, రివ్యూ అయి అచ్చయ్యేసరికి మూడు నాలుగేళ్లు. అప్పటికి మీ పేపర్ ఆ లెక్కలోంచి ఎప్పుడో జారిపోయింది. ఆన్‌లైన్ క్లాసుల మీద, ఏఐ మీద రాసేవాళ్లకి ఈ ఇబ్బంది లేదు, అక్కడ అందరూ ఏడాది తిరక్కుండానే ఒకరినొకరు ఉదహరించుకుంటారు.

అందుకే ఎడ్యుకేషన్ జర్నళ్ల ర్యాంకుల్లో పైవరసలో ఎప్పుడూ రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి, రివ్యూ పేపర్లు (ఒక విషయం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని ఒకచోట కూర్చి చెప్పేవి) మాత్రమే వేసేవి. అమెరికన్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ అసోసియేషన్ వాళ్ల రివ్యూ ఆఫ్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ 1931 నుంచి ఉంది, 2023 లెక్కలో దాని నంబరు 8 పైనే. రెండోది, టెక్నాలజీ వైపువి: కంప్యూటర్స్ అండ్ ఎడ్యుకేషన్, బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ టెక్నాలజీ లాంటివి. విద్యా చరిత్ర, విద్యా తత్వం, భాషా బోధన మీద పనిచేసేవాళ్లు వీటి నంబర్లు చూసి మనసు పాడుచేసుకోనక్కర్లేదు. మీ ఉప విభాగంలో మంచి జర్నల్‌కి 1.5 ఉంటే అది మంచి నంబరే.

ఇంకో మార్పు కూడా జరిగింది, చాలామంది గమనించలేదు. 2023 జూన్ నుంచి ఎమర్జింగ్ సోర్సెస్ అనే జాబితాలో (ఇంకా ఎదుగుతున్న జర్నళ్లకి పెట్టింది) ఉన్న జర్నళ్లకి కూడా క్లారివేట్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇవ్వడం మొదలుపెట్టింది, దాంతో ఒక్కసారిగా వేల జర్నళ్లకి నంబరు వచ్చేసింది. అంతకుముందు "మాకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉంది" అంటే అదొక వడపోత. ఇప్పుడు ఉండటం కాదు, ఎంత ఉంది, ఏ క్వార్టైల్‌లో ఉంది (తన విభాగంలోని జర్నళ్లని ర్యాంకు ప్రకారం నాలుగు భాగాలు చేస్తే ఎన్నో భాగంలో) అని చూడాలి. స్కోపస్ అనే ఇంకో డేటాబేస్ వాళ్ల సైట్‌స్కోర్ వేరు, అది నాలుగేళ్ల లెక్క, సహజంగానే పెద్దదిగా కనిపిస్తుంది. ఒక జర్నల్ సైట్‌స్కోర్ 5 అని, ఇంకో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.5 అని పక్కపక్కన పెట్టి మొదటిదే గొప్పదనుకోవడం కిలోమీటర్లనీ మైళ్లనీ పోల్చడమే.

ఇప్పుడు అసలు దారుల సంగతి. మన దగ్గరి స్కాలర్ ముందు ఉన్నవి గట్టిగా చూస్తే నాలుగు: దేశంలోని ప్రభుత్వ సంస్థల జర్నళ్లు, విదేశీ చందా జర్నళ్లు, డబ్బు కట్టి వేయించుకునే ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లు, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోని ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు. ఐదోదీ ఉంది, దాని సంగతి తర్వాత.

దేశంలో మొదట గుర్తుకురావాల్సింది ఎన్‌సీఈఆర్‌టీ ఇండియన్ ఎడ్యుకేషనల్ రివ్యూ, జర్నల్ ఆఫ్ ఇండియన్ ఎడ్యుకేషన్. మొదటిది పరిశోధన పత్రాలకి, రెండోది టీచర్లకి, టీచర్ ఎడ్యుకేటర్లకి దగ్గరగా ఉంటుంది. పైసా ఫీజు లేదు. ఢిల్లీలోని నీపా (విద్యా ప్రణాళిక, పాలన మీద పనిచేసే జాతీయ సంస్థ) నడిపే జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ ప్లానింగ్ అండ్ అడ్మినిస్ట్రేషన్ విధానాలు, నిధులు, పాలన మీద రాసేవాళ్లకి. సేజ్ ప్రచురించే కాంటెంపరరీ ఎడ్యుకేషన్ డైలాగ్ ఏడాదికి రెండు సంచికలు, కొంచెం సామాజిక శాస్త్రం వైపు మొగ్గు, అక్కడ వాదన బలంగా లేకపోతే పట్టికలు ఎన్ని పెట్టినా లాభం లేదు. వీటిలో ఓపిక కావాలి, ఉత్తరాలకి జవాబు ఆలస్యం కావచ్చు. కానీ స్కూల్ కాంప్లెక్స్ అంటే ఏంటో, డైట్ (జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ) అంటే ఏంటో, ఎయిడెడ్ స్కూలుకీ జిల్లా పరిషత్ స్కూలుకీ తేడా ఏంటో మీరు రివ్యూయర్‌కి వివరించాల్సిన పని లేదు. ఇది చిన్న సుఖం కాదు. విదేశీ జర్నల్‌కి రాస్తే పేపర్‌లో రెండు పేజీలు ఆ వివరణకే పోతాయి.

విదేశీ చందా జర్నళ్లలో మన లాంటి దేశాల విద్య మీద రాసేవాళ్లకి సహజమైన చోట్లు ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ డెవలప్‌మెంట్, కంపేర్, కంపారటివ్ ఎడ్యుకేషన్ రివ్యూ. మొదటిది ఎల్సెవియర్‌ది, 1981 నుంచి వస్తోంది. రెండోది బ్రిటన్‌ది, మూడోది 1957లో మొదలైన అమెరికన్ జర్నల్, షికాగో యూనివర్సిటీ ప్రెస్ వేస్తుంది. వీటి గురించి జనంలో ఒక పెద్ద అపోహ ఉంది, "ఎల్సెవియర్ అంటే లక్షలు కట్టాలి కదా" అని. కాదు. చాలావరకు ఇవి హైబ్రిడ్ జర్నళ్లు: పేపర్ అందరికీ ఉచితంగా తెరిచి ఉంచాలంటేనే ఫీజు, చందాదారులకే పరిమితం చేస్తే రచయిత కట్టేది ఏమీ లేదు. సబ్మిషన్ ఫారంలో ఆ ఆప్షన్ ఒకచోట ఉంటుంది, కంగారులో ఓపెన్ యాక్సెస్ నొక్కేసి తర్వాత బిల్లు చూసి బెదిరిపోయేవాళ్లు ఉన్నారు, కాబట్టి అక్కడ నిదానంగా చదవండి.

మన దగ్గర చదివేవాళ్లకి చందా గోడ అడ్డం కదా అంటారా, 2025 జనవరి నుంచి ఆ బాధ చాలా తగ్గింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్రం మూడేళ్లకి 6,000 కోట్లు కేటాయించింది, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకోవచ్చు. ప్రైవేటు బీఈడీ కాలేజీల్లో పనిచేసేవాళ్లకి ఇది వర్తించదు, మన దగ్గర ఆ కాలేజీలే ఎక్కువ, అది వేరే బాధ.

ఇక డబ్బు కట్టే ఓపెన్ యాక్సెస్. ఎండీపీఐ వాళ్ల ఎడ్యుకేషన్ సైన్సెస్, ఫ్రాంటియర్స్ ఇన్ ఎడ్యుకేషన్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వాళ్ల కోజెంట్ ఎడ్యుకేషన్ లాంటివి. గత పదేళ్లలో ఎడ్యుకేషన్ ప్రచురణలో కనిపించే అతిపెద్ద మార్పు వీటి పెరుగుదలే. ప్రత్యేక సంచికల మీద ప్రత్యేక సంచికలు, వారాల్లో నిర్ణయం, ఏటా వందలకొద్దీ పేపర్లు. ఇవి దొంగ జర్నళ్లు కావు, చాలామంది మంచి పరిశోధకులు వీటిలో వేస్తారు. కానీ ఫీజు లక్ష దాటి రెండు లక్షల దగ్గరికి కూడా వెళ్తుంది, ఫెలోషిప్ లేని స్కాలర్ అంత అప్పు చేసి వేయించుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించదు. రెండో ప్రమాదం, ఇవాళ ఉన్న నంబరు రేపు ఉంటుందన్న గ్యారంటీ లేకపోవడం. 2023 మార్చిలో క్లారివేట్ ఒకేసారి 50కి పైగా జర్నళ్లను జాబితాలోంచి తీసేసింది, అందులో ఎండీపీఐ వాళ్ల పెద్ద ఆరోగ్య జర్నల్ ఒకటి ఉంది, హిందావీ అనే ప్రచురణ సంస్థ జర్నళ్లు 19 ఉన్నాయి. అదే ఏడాది హిందావీ 8,000కి పైగా పేపర్లను వెనక్కి తీసుకుంది, చివరికి దాని యజమాని వైలీ ఆ పేరునే పక్కన పెట్టేసింది. ప్రత్యేక సంచికల్లో అతిథి ఎడిటర్ల పేరుతో దొంగ రివ్యూలు నడిపినవాళ్ల పుణ్యం అది. నిజాయితీగా రాసి అందులో వేసుకున్నవాళ్లూ ఇంటర్వ్యూల్లో వివరణ ఇచ్చుకోవాల్సి వస్తోంది.

డబ్బు తీసుకోని ఓపెన్ యాక్సెస్ గురించి మన దగ్గర పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం ఇదే ఎక్కువ ఇష్టం. ఎడ్యుకేషన్ పాలసీ అనాలిసిస్ ఆర్కైవ్స్ అని ఒకటుంది, 1993లో జీన్ గ్లాస్ మొదలుపెట్టారు (చాలా అధ్యయనాల ఫలితాల్ని కలిపి లెక్కగట్టే మెటా అనాలిసిస్ అనే పద్ధతికి పేరు పెట్టింది కూడా ఆయనే), అరిజోనా స్టేట్ యూనివర్సిటీ నుంచి వస్తుంది. రాసేవాళ్లూ కట్టక్కర్లేదు, చదివేవాళ్లూ కట్టక్కర్లేదు. ఇలాంటివి డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీలో ఫీజు లేనివి అని వడకట్టి వెతికితే ఎడ్యుకేషన్‌లోనే చాలా దొరుకుతాయి. జాగ్రత్త ఒకటే: జాబితాలో పేరుంటే చాలదు, గత రెండు మూడు సంచికలు తెరిచి మీ లాంటి పేపర్లు ఉన్నాయో లేదో చూడండి.

ఐదో దారి, అదే డబ్బు తీసుకుని ఏదైనా వేసేసే దొంగ జర్నళ్ల గురించి ఇక తప్పదు. "డియర్ ప్రొఫెసర్" అని మొదలయ్యే మెయిల్, పదిహేను వందలో మూడు వేలో ఫీజు, గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 పైన అంటూ చుక్క పక్కన మూడు అంకెలు. అలాంటి పేర్లతో నంబర్లు అమ్మే సంస్థలు వేరే ఉన్నాయి, క్లారివేట్‌కీ వాటికీ సంబంధం లేదు. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కదా అంటారు, అది వాహనానికి రిజిస్ట్రేషన్ లాంటిది, బండి బాగుందని చెప్పే సర్టిఫికెట్ కాదు. ఈ వ్యాపారానికి మన హైదరాబాద్ ఎంత పేరు తెచ్చుకుందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది: ఇక్కడి నుంచి నడిచే ఓమిక్స్ గ్రూపుకి, పీర్ రివ్యూ గురించి అబద్ధాలు చెప్పి ఫీజులు దాచిందన్న కేసులో, 2019 మార్చిలో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పిచ్చింది. యూజీసీ కూడా తక్కువ తినలేదు. దాని పాత ఆమోదిత జాబితాలో యూనివర్సిటీలు సిఫారసు చేసిన జర్నళ్లలోంచి వెయ్యింటిని పరిశీలిస్తే 88% అర్హత లేనివని 2018లో కరెంట్ సైన్స్‌లో ఒక అధ్యయనం తేల్చింది, ఆ ఏడాది మే నెలలో యూజీసీ 4,305 జర్నళ్లను తీసేసింది. తర్వాత దాని స్థానంలో కేర్ అనే కొత్త జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అదీ ఆపేసి, సూచన ప్రమాణాలు ఇస్తాం, మంచి చెడ్డా సంస్థలే చూసుకోండి అన్నారు. అంటే ఇప్పుడు "యూజీసీ అప్రూవ్డ్" అని వెబ్‌సైట్ మీద ముద్ర వేసుకున్న జర్నల్ కనిపిస్తే, ఆ ముద్రే దాన్ని అనుమానించడానికి కారణం.

కొత్తగా వచ్చిన ఇంకో మోసం, నిజమైన జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్. పేరు అదే, ఐఎస్‌ఎస్‌ఎన్ అదే, డబ్బు మాత్రం వేరే ఖాతాకి. గూగుల్‌లో వచ్చిన మొదటి లింకు నమ్మకుండా స్కోపస్ సోర్స్ జాబితాలోంచో, క్లారివేట్ మాస్టర్ జర్నల్ లిస్ట్‌లోంచో జర్నల్ పేజీకి వెళ్లండి. రెండూ ఉచితమే. స్కోపస్‌లో అయితే "కవరేజ్" అన్న చోట ఏ సంవత్సరం దాకా ఉందో చూడటం మర్చిపోవద్దు, మధ్యలో ఆపేసిన జర్నళ్లు కూడా స్కోపస్ ఇండెక్స్‌డ్ అనే చెప్పుకుంటాయి.

ప్రమోషన్ పాయింట్ల కోసం చూసేవాళ్లకి లెక్క ఇది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఎడ్యుకేషన్‌లో పీర్ రివ్యూడ్ పేపర్‌కి 10, దానిపైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే 5, 1 లోపు ఉంటే 10, 1 నుంచి 2 మధ్య 15, 2 నుంచి 5 మధ్య 20, 5 నుంచి 10 మధ్య 25, 10 దాటితే 30 అదనం. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం, అంతకన్నా ఎక్కువమంది ఉంటే ముఖ్య రచయితకి 70, మిగతావాళ్లకి తలా 30. (ఆ నిబంధనల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ థామ్సన్ రాయిటర్స్ జాబితా ప్రకారం అని రాశారు, అప్పటికే ఆ కంపెనీ దాన్ని అమ్మేసి దాదాపు రెండేళ్లయింది.) ఇందులో గమనించాల్సింది ఏంటంటే, 2.1 ఉన్న జర్నల్‌కీ 4.9 ఉన్న జర్నల్‌కీ పాయింట్లు ఒకటే. కాబట్టి మీ పేపర్‌కి సరిపోయే 2.1 జర్నల్‌ని వదిలేసి, సరిపోని 4.9 జర్నల్ చుట్టూ ఏడాది తిరగడం దండగ. 2025 జనవరిలో వచ్చిన ముసాయిదాలో ఈ పాయింట్ల పద్ధతినే తీసేస్తామన్నారు, కనుక అప్లికేషన్ పెట్టేముందు మీ యూనివర్సిటీ ఏ నిబంధన పాటిస్తోందో ఐక్యూఏసీలో (సంస్థలోనే నాణ్యత చూసే విభాగం) అడగండి.

పీహెచ్‌డీ వాళ్లకి: 2022 నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు యూజీసీ తీసేసింది. కానీ యూనివర్సిటీలు తమ సొంత షరతు పెట్టుకోవచ్చు, చాలా చోట్ల ఇంకా అడుగుతున్నారు. మీ దగ్గర అడుగుతుంటే సబ్మిషన్‌కి ఏడాదిన్నర ముందే ఒకటి దేశీయ జర్నల్‌కి పంపేయండి. గడువు నెల ఉండగా మొదలుపెట్టినవాళ్లే ఐదో దారిలో పడతారు.

పేపర్ నలుగురూ చదవాలి అనుకునేవాళ్లకి నా సలహా వేరు. మీ రిఫరెన్సుల జాబితా తీసి, ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మీరు ఎవరితో మాట్లాడుతున్నారో అదే చెబుతుంది, పేపర్ కూడా అక్కడికే వెళ్లాలి. ఆ జర్నల్ ఒక్కోసారి ఎడ్యుకేషన్‌ది కూడా కాకపోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల మీద ప్రపంచంలో ఎక్కువమంది చదివిన పరిశోధనల్లో ఒకటి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసినది. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇస్తే ఏమవుతుందని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లెక్కల్లో, తెలుగులో పరీక్షలు పెట్టి చూశారు, రెండేళ్లలో రెండింట్లోనూ పిల్లలు మెరుగయ్యారు. అది 2011లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వచ్చింది. ప్రైవేటు స్కూళ్లకి వోచర్ల మీద వాళ్ల ఇంకో అధ్యయనం 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చింది. రెండూ ఆర్థిక శాస్త్రం జర్నళ్లే. మన బడుల గురించి ప్రపంచం చదివింది ఆర్థికవేత్తల కళ్లతో, ఎందుకంటే వాళ్ల ప్రశ్న వాళ్లకి కావాల్సినవాళ్లకి చేరేలా పంపారు. అదే బడుల్లో తరగతి గదిలో టీచర్ ఏం చేస్తోంది, తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకి మారినప్పుడు మూడో తరగతి పిల్ల ఎందుకు మాట్లాడటం మానేసింది, ఇవి రాయాల్సింది ఎడ్యుకేషన్‌వాళ్లం. రాసినవి శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారం) థీసిస్‌లుగా మూలుగుతున్నాయి.

ఎడిటర్లు ఈ మధ్య దేన్ని గేటు దగ్గరే తిప్పి పంపుతున్నారో కూడా తెలుసుకోండి. ఒక జిల్లాలో రెండు వందల మంది బీఈడీ విద్యార్థులకి గూగుల్ ఫారం పంపి, లింగం వారీగా, గ్రామం-పట్టణం వారీగా టీ-టెస్ట్ (రెండు గుంపుల సగటుల మధ్య తేడా చూసే లెక్క) చేసి, తేడా ఉంది లేదా లేదు అని ముగించే పేపర్ మంచి జర్నల్‌లో రివ్యూయర్ దాకా వెళ్లదు. స్కోపస్ నుంచి డేటా దించి రంగురంగుల పటాలు వేసే బిబ్లియోమెట్రిక్ పేపర్లు ఇప్పుడు వరదలా వస్తున్నాయి, వాటి మీద కూడా ఎడిటర్లకి విసుగు మొదలైంది, చాట్‌జీపీటీ పట్ల విద్యార్థుల వైఖరి అనే సర్వేలది అదే పరిస్థితి. మన చేతిలో ఉన్నది, బయటివాళ్లకి దొరకనిది, ఫీల్డ్. ఆశ్రమ పాఠశాల, కేజీబీవీ, ఏకోపాధ్యాయ పాఠశాల, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ల మల్టీగ్రేడ్ కార్డులు. నెలల తరబడి కూర్చుని చూసి రాసిన పేపర్‌కి ఇంగ్లిష్ కాస్త తడబడినా చోటు దొరుకుతుంది.

మొదటి జర్నల్ కాదంటే కుంగిపోకండి, అందరికీ అవుతుంది, రివ్యూయర్ల మాటలు ఉచితంగా దొరికిన ట్యూషన్ అనుకుని సరిదిద్ది రెండో చోటికి పంపండి. ఒకేసారి రెండు జర్నళ్లకి మాత్రం పంపొద్దు, దొరికితే రెండూ పోతాయి. చందా జర్నల్‌లో పేపర్ ఒప్పుకున్నాక, మీరు ఆఖరుగా సరిదిద్ది పంపిన వర్డ్ ఫైల్‌ని యూనివర్సిటీ రిపాజిటరీలో పెట్టుకోవచ్చో, ఎన్ని నెలల తర్వాత పెట్టొచ్చో ఓపెన్ పాలసీ ఫైండర్ (ఇదివరకటి షెర్పా రోమియో) సైట్‌లో జర్నల్ పేరు కొడితే చూపిస్తుంది. ప్రైవేటు బీఈడీ కాలేజీలో ఉన్న మీ తోటి లెక్చరర్‌కి పైసా కట్టకుండా మీ పేపర్ చేరేది ఆ ఫైల్ ద్వారానే.